కానుగ చెట్టు కింద గేటు

నాచారంలో మా గల్లీ చివర ఒక జాగా ఉండేది. కాగితాల మీద అది పార్కు, కళ్లకు మాత్రం చెత్తకుప్ప. ఏళ్ల తరబడి దాని పక్కనుంచి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే బడికి వెళ్లొచ్చాను. నేను టీచరును. కోపం కాస్త ఎక్కువేనని పిల్లలే కాదు, మా ఆయన కూడా అంటాడు. ఆ కుప్పను చూస్తే మరీ ఒళ్లు మండేది.

ఒకనాడు మున్సిపాలిటీ వాళ్లు చల్లని కబురు చెప్పారు. కాలనీ వాళ్లు తమ వాటాగా కొంత చందా పోగుచేసి, ఏం కావాలో ప్లాను గీసి, ఇంటింటి సంతకాలతో ఇస్తే మిగతా ఖర్చు వాళ్లు పెట్టుకుంటారట. అంతే, కాలనీకి పూనకం వచ్చింది. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన పెద్దాయన మాకు ప్రెసిడెంటు. "టీచరమ్మా, బోర్డు మీద బొమ్మలేస్తవ్ గద, ప్లాను నువ్వే గీయాలె" అని నా నెత్తిన పెట్టేశాడు. పైకి విసుక్కున్నాను గానీ లోపల ఎంత మురిసిపోయానో!

అందరికీ సెలవని ఆదివారం పొద్దున్నే టేపు పట్టుకుని బయల్దేరాం. వరంగల్ వైపు వాళ్లు, నల్లగొండ వాళ్లు, మాలాగా గోదావరి నుంచి వచ్చినవాళ్లు. ఇన్నేళ్లు పక్కపక్క ఇళ్లలో ఉండి కూడా అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఒకరికి నడిచే దారి కావాలి, ఒకరికి ఉయ్యాల కావాలి, ఇంకొకాయనకు ఆసనాలు వేసుకోవడానికి అరుగు కావాలి. కొట్టుకున్నాం, నవ్వుకున్నాం, ఎవరింటి నుంచో వచ్చిన ఉప్మా తిన్నాం. గేటు ఎక్కడ పెట్టాలంటే కానుగ చెట్టు కింద నేనే చూపించాను.

"ఇక్కడ ఖాళీగానే ఉంది కదన్నా, పైగా నీడ" అన్నాను.

"మస్తుంది" అన్నాడు ప్రెసిడెంటు.

వారం తిరిగేసరికి చందాలు, సంతకాలు పూర్తయ్యాయి. ప్లానును అందరూ చూడాలని ప్రెసిడెంటుగారి గోడకు అంటించాం. నేను రోజుకు రెండుసార్లు ఏదో పని ఉన్నట్టు అటువైపు వెళ్లి చూసుకునేదాన్ని.

సోమవారం పొద్దున వెళ్లేసరికి దాని ముందు మా ఇస్త్రీ ఆమె నిలబడి ఉంది. మా గల్లీ బట్టలన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. నాకంటే పెద్దది, అక్కా అంటాను. పార్కుకు చందా కూడా ఇచ్చింది. వద్దంటే, "నేను మీ గల్లీ దాన్ని కాదా?" అని కసిరి మరీ ఇచ్చింది.

ప్లానులో పార్కు చుట్టూ నేను గీసిన ఒక్కో ఇంటినీ వేలితో ముట్టి చూస్తోంది. "గీ ఇల్లు గంజి చీరలు. గిది పిల్లల యూనిఫారాలు. గిది ప్రెసిడెంటు సారుది, తెల్ల లాల్చీలు. గీ మూలది నీదే, టీచరమ్మా." ఆ వేలు కానుగ చెట్టు దగ్గరకు వచ్చి ఆగిపోయింది. "అందరున్నరు. మరి నేనేడున్న?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం ఆమె అన్నోజిగూడలో కూతురింటికి పోతుంది. శనివారం సాయంత్రమే ఇస్త్రీ బండి తోసుకెళ్లి తెలిసినవాళ్ల పెరట్లో పెడుతుంది. మిగతా ఆరు రోజులూ ఆ బండి ఉండేది ఆ కానుగ చెట్టు కిందే. నేను గేటు గీసింది సరిగ్గా ఆమె నిలబడే చోట. ఆ ఆదివారం, ముందురోజు ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చీర కట్టుకునే ఆ చోటు ఖాళీగా ఉందన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"రామంతాపూర్‌ల గూడ గిట్లనే అయింది" అందామె. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఇంకా బాధపెట్టింది. "రోడ్డు పెద్దగ జేస్తమన్నరు. పొద్దుగాల బండి తెచ్చేసరికి జాగ లేదు. మల్ల గిరాకి దొర్కనీకి రెండేండ్లు పట్టింది. గీ వయసుల యాడికి పోవాలె సెప్పు?"

ప్రెసిడెంటును అరుగు మీదే పట్టుకున్నాను.

"ఎల్లుండే కాగితం ఇచ్చేది" అన్నాడాయన. "సంతకాలన్నీ అయినయ్. ఆమె జర అవతలికి జరుగుతది తియ్."

"అవతల నీడెక్కడుందన్నా? మిట్టమధ్యాహ్నం నిప్పుల పెట్టె పట్టుకుని ఎండలో నిలబడమంటారా? మీ లాల్చీల కోసమేగా!"

"నా మీద ఒర్రుతవేంది? జాగ జూపెట్టింది నువ్వే గద!"

నిజమే. అందుకే ఇంకా గట్టిగా అరిచాను. ప్లాను గోడ మీంచి పీక్కుని ఇంటికి తెచ్చి, గేటును రోడ్డు వైపు మలుపులోకి మార్చి మళ్లీ గీశాను. ప్లాను మారింది కాబట్టి సంతకాలు కూడా మొదటి నుంచి పెట్టించాలి. బడి నుంచి రాగానే ఇంటింటికీ బయల్దేరాను. ఒక్కరు కూడా కాదనలేదు. పైగా ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట: "అరెరే, ఆదివారం ఆమె ఉండదు గద!" ఆ మాట విన్న ప్రతిసారీ నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చేవి. మరునాడు మూడో ఇంటి మెట్ల దగ్గర ప్రెసిడెంటు నిలబడి ఉన్నాడు, చేతిలో పెన్ను.

"పా" అన్నాడు మొహం గంటు పెట్టుకుని. "గా అపార్ట్‌మెంటోళ్లు నీ మాట ఇనరు. అరుస్తవని భయపడ్తున్రు." మంచివాడు పాపం, నేనే ఎక్కువ మాటలన్నాను.

బుధవారం పొద్దున్నే, కాగితం ఆఫీసుకు పోకముందు, ప్లాను తీసుకుని కానుగ చెట్టు కిందకు వెళ్లాను. బట్టల మీద నీళ్లు చిలకరిస్తూ ఉంది. ఇస్త్రీ పెట్టె పక్కకు జరిపి ప్లాను బండి మీద పరిచాను. చెట్టు పక్కనే చిన్న గడి, అందులో 'ఇస్త్రీ బండి' అని రాశాను.

"అక్కా, ఇదిగో నువ్వు."

చాలాసేపు చూసింది. "పెన్సిలా, పెన్నా?"

"పెన్నే."

నమ్మలేదు. తడి వేలు ఆ గడి మీద పెట్టి గట్టిగా రుద్దింది. చెరగలేదు. ఇంకోసారి రుద్దింది. మూడోసారి రుద్దబోతుంటే నేనే ఆమె చెయ్యి పట్టుకున్నాను.