ఏలూరు బస్సులో కార్డినల్ గారి పాఠం

నూజివీడులో మా చెల్లెలు తన సొంత తోటలో నాకో మామిడి పండు కోసి పెట్టడానికి, అక్కడున్న వ్యాపారిని అడిగింది. నాకు ఒళ్లు మండింది. మా శ్రీకాకుళం వైపు ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు.

తిరుగు ప్రయాణంలో ఏలూరు బస్సెక్కాను. పక్క సీట్లో నూజివీడు చర్చి సిస్టర్ ఒకమ్మాయి, కాగితాలు పట్టుకుని గొణుక్కుంటోంది.

"ఏంటమ్మా ఆ జపం?"

"రేపటి పాఠం మామ్మగారూ. మా కార్డినల్ ఒకాయన, అంటే పోపు గారి తర్వాత అంత పెద్దాయన, నాలుగొందల ఏళ్ల కిందటే రాశారు. దేవుడు అధికారాన్ని జనానికిచ్చాడు, జనమే రాజుకి అప్పగించారు అని. రాజులకి కోపం కూడా వచ్చింది. రెండుసార్లు చెప్పినా పిల్లలకి ఎక్కలేదండీ. రేపు పెద్ద సిస్టర్ వచ్చి వెనక కూర్చుని వింటారు."

"నాకూ ఎక్కలేదు. నా చదువు మూడో తరగతితో సరి. అది సరే, మీ ఊళ్లో తోట గలవాళ్లు పండు అడుక్కోవడమేంటి?"

ఆ అమ్మాయి నవ్వింది. "పూత మీదే పంట అమ్మేస్తామండీ. కోతలయ్యేదాకా పెత్తనం వ్యాపారిది. తోట మాత్రం..." అంటూ ఆగిపోయి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మామ్మగారూ! రాజు ఎవరు?"

"ఆ వ్యాపారి."

"మరి తోట?"

"మనదే!" అని అరిచేశాను. బస్సంతా తిరిగి చూసింది.

"తోట మీదైతే తలా ఓ పండు పంచండి మామ్మగారూ," అన్నాడు కండక్టరు.

వ్యాపారి సరేనన్నాక చెల్లెలు ఇంటికని కట్టిచ్చిన పళ్లలోంచి అతనికి ఒకటి తీసిచ్చాను. సిస్టర్ కాగితాలు మడిచి సంచిలో పెట్టేసింది. ఏలూరు వచ్చేదాకా మళ్లీ తీయలేదు.