బాణాల రాజుకి దట్టి కట్టిన యాదమ్మ

చిన్నప్పుడు కోకాపేటలో మా బడి మెట్ల కింద ఒక రాజుగారు ఉండేవారు... ఒంటి నిండా బాణాలతో! ఎవరో విదేశీ ఫాదర్ తెచ్చిన విగ్రహమట. పేరు ఎడ్మండ్. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లండు రాజు.

శత్రువులు ఆయన్ని చెట్టుకు కట్టి, బాణాలు వేసి, తల నరికి అడవిలో పారేశారని సిస్టర్ చెప్పేవారు. జనం "రాజా, ఎక్కడున్నావు?" అని వెతుకుతుంటే, తెగిన తలే "ఇక్కడ... ఇక్కడ..." అని పలికిందట. అప్పట్నుంచి ఆయన్ని సెయింటుగా కొలిచారట. ఆ కథ విన్నాక నేను ఒంటరిగా ఆ మెట్లు దిగితే ఒట్టు!

మా బడి ఆయా యాదమ్మకు మాత్రం భయం లేదు. "పీరీలు గూడ గిట్ల పాణమిచ్చినోళ్లే గద బిడ్డా" అని, పీర్ల పండక్కి ఆయనకూ ఎర్రటి దట్టి కట్టి మలీద పెట్టేది. దట్టి అంటే మొక్కుబడి గుడ్డ అని గుంటూరు నుంచి వచ్చిన నాకు ఆమే చెప్పింది. సిస్టర్ కోప్పడి కోప్పడి ఊరుకున్నారు. ఆ మలీద... రొట్టెలు నలిపి బెల్లం కలిపింది... ఎంత కమ్మగా ఉండేదో!

తెలంగాణ ఉద్యమం రోజులవి. యాదమ్మ కొడుకు శీనన్న కాలేజీలో చదివేవాడు. ఒకరోజు రాస్తారోకోకి వెళ్లాడు. తోపులాట మొదలవగానే కుర్రాళ్లంతా మా బడి వెనక బండల్లోకి పరుగెత్తారు. అందరూ తిరిగొచ్చారు... శీనన్న తప్ప.

మర్నాడు యాదమ్మ తన కొంగు చింపి రాజుకి కట్టింది. "నీ తల నీవోళ్లకు దొరికింది గద... నా కొడుకును జర సూపియ్యి సామీ" అని ఏడ్చింది. తర్వాత బండల్లోకి వెళ్లి "శీనూ... యాడున్నవ్ రా?" అని పిలవడం మొదలుపెట్టింది.

మేం పిల్లలం కిటికీ ఊచలు పట్టుకుని బిగుసుకుపోయాం. కథలో పలికింది చచ్చిపోయిన మనిషి కదా! నేను కళ్లు మూసుకుని, పలకొద్దు శీనన్నా, పలకొద్దు అనుకున్నాను. ఎవరూ పలకలేదు. హమ్మయ్య అనుకున్నాను.

శీనన్న ఇప్పటికీ దొరకలేదు.

తెలంగాణ వచ్చిన రోజు వీధంతా డప్పులు, పటాకులు... మా ఇంట్లోనూ మిఠాయిలు పంచారు. యాదమ్మ మాత్రం ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చేతులు జోడించింది. "జర ఆపుండ్రి అయ్యా... నా కొడుకు పలికితే నాకు ఇనబడద్."

ఇప్పుడు యాదమ్మ లేదు. ఆ బండల్ని పేల్చి టవర్లు కట్టారు, మా ఆఫీసూ అందులోనే. పొద్దున్నుంచీ డ్రిల్లింగ్ మోతే... ఎవరైనా పిలిచినా వినేంత నెమ్మది ఈ చోట మిగల్లేదు. మీ వీధిలోనూ ఇలా ఎదురుచూసిన తల్లి ఉంటే, ఆమె గురించి ఒక్క మాట కింద చెప్పండి...