మొదటి కత్తెర

పెళ్ళిగౌను గుడ్డకి మొదటి కత్తెర నా చేత్తోనే పడాలని మా చర్చి ఆడవాళ్ళ నమ్మకం. నాకు ముందు మా అమ్మ వేసేది. తెల్ల శాటిన్ బల్ల మీద పరిచి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, అంచున ఒక్క కోత కోస్తే ఆ పిల్ల కాపురం చల్లగా ఉంటుందట. హస్తవాసి అంటారు. బర్మాలో మా తెలుగువాళ్ళుండే పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో మా కొట్టు కన్నా పెద్ద కొట్లున్నాయి, మా మిషన్ల కన్నా మంచి మిషన్లున్నాయి. అయినా నది అవతలి తన్లిన్ నుంచి కూడా బస్సెక్కి మా దగ్గరికే వచ్చేవాళ్ళు.

నిజానికి ఆ చెయ్యి కత్తెర వదిలేసి చాలా కాలమైంది. బొటనవేలి కీలు వాచిపోయి పట్టు నిలవదు. ఆ సంగతి కొట్లో నాతో పాటు పనిచేసే మా పిన్ని కూతురికి మాత్రమే తెలుసు. బడి మానేసి రెండు జడలతో మా గుమ్మం ఎక్కిన పిల్ల, ఇప్పుడు ముప్పై దాటింది. కొలతలు తీసేది అది, సుద్దగీత గీసేది అది, మొదటి కత్తెరతో సహా కోసేది అది. నేను ప్రార్థన చేస్తాను, డబ్బాలోంచి గుండుసూదులు అందిస్తాను. "గౌను ఎంత బాగా కోశారో" అని ఎవరైనా అంటే, నా కన్నా ముందు అదే "అంతా అప్పే" అంటుంది. మా వాళ్ళు అక్కని అప్ప అంటారు. పెద్దవాళ్ళు పక్కనుండగా చిన్నవాళ్ళు "నేను చేశాను" అనడం మా ఇళ్ళలో లేదు. నేనూ తల ఊపేసేదాన్ని. అది అబద్ధమని నాకెప్పుడూ తోచలేదు, కొట్టు మర్యాద అనుకున్నాను.

అమెరికాలో పెళ్ళిగౌన్ల దుకాణం నడుపుతున్న ఒకావిడ ఆ మధ్య మా చర్చికి వచ్చింది. చిన్నప్పుడు ఇక్కడే పెరిగిన మనిషి. మా కొట్లో తయారైన గౌనుని లోపలివైపు తిప్పి, కుట్లు తడిమి తడిమి చూసి, నా వేళ్ళ వంక ఒకసారి చూసింది. తరవాత మా పిన్ని కూతురి వైపు తిరిగి "నాతో పనికి వస్తావా?" అంది. నేను ఆవిడకి టీ పోసి, సమోసా పెట్టి, లోపల ఉడికిపోయాను. మా పిల్ల మొహం మాత్రం దీపం పెట్టినట్టయింది. దాని బతుకులో దాన్ని, అచ్చంగా దాన్నే, కావాలని అడిగిన మొదటి మనిషి ఆవిడ.

రమ్మన్నంత మాత్రాన వెళ్ళిపోవడానికి లేదు. బయటి మనిషిని ఉద్యోగంలోకి తీసుకోవాలంటే, ఆ పనికి తమ దేశంలో తగినవాళ్ళు దొరకలేదని అక్కడి కార్మిక శాఖ ధ్రువీకరించాలట. అందుకు దుకాణం ఆవిడ పేపర్లో ప్రకటన వెయ్యాలి, వచ్చినవాళ్ళతో మాట్లాడాలి. ఎవరూ తగినవాళ్ళు కాదని తేలితే అప్పుడు మనవాళ్ళ వంతు. మనవాళ్ళకి ఆ పని ముందే వచ్చని ఇప్పటి యజమాని చెప్పాలి. అంటే నేను. పెళ్ళిగౌన్లు ఎవరి సాయం లేకుండా కోయగలదని రాసిన ఉత్తరం మీద సంతకం పెట్టాను. పెట్టిన రోజున అన్నం సయించలేదు.

ప్రకటనలు వేశారు. తగినవాళ్ళు రాలేదు. కార్మిక శాఖకి దరఖాస్తు పంపే ముందు మాతో ఫోన్లో మొహం చూసి మాట్లాడతానన్నాడు అక్కడి లాయరు.

కొట్టు తెరవకముందే కూర్చున్నాం. కరెంటు లేదు, పక్కవాళ్ళ జనరేటరు మోత. లాయరు ఇంగ్లీషులో అడుగుతుంటే ఆయన పక్కన కూర్చున్న ఒక బర్మా అమ్మాయి బర్మా భాషలో చెబుతోంది. పని నేర్పేవాళ్ళని గౌరవంగా పిలిచినట్టు నన్ను "సయామా" అంటోంది.

"మీ కొట్లో పెళ్ళిగౌన్లు కోసేది ఎవరు, సయామా?"

"నేనే" అన్నాను.

లాయరు మొహం మారింది. మా పిల్లని అడిగాడు. అది నా వైపు చూసింది. నేను బల్ల మీద టేపు చుట్టుకుంటూ కూర్చున్నాను.

"అవును, సయామాయే. నేను సాయం చేస్తానంతే" అంది.

రెండు రోజుల తరవాత దుకాణం ఆవిడ దగ్గర్నుంచి కబురు వచ్చింది. ఉత్తరం ఒకటి చెబుతోంది, ఇద్దరి నోళ్ళూ ఇంకొకటి చెబుతున్నాయి, ఇలా అయితే లాయరు దరఖాస్తు పంపడట. కోసేది ఎవరో తన కళ్ళకి చూపిస్తే సరే, లేకపోతే మా పిల్లని తీసుకెళ్ళే మాట ఇక మరిచిపోవాల్సిందే.

సిగ్గులేని దాన్ని, ముందు దాని మీదే ఎగిరాను. "నువ్వెందుకు అవునన్నావే?"

"పరాయోలి ముందర నిన్ను అబద్దాలకోరుని సెయ్యమంటావేటప్పా?" అంది, మిషన్లో దారం ఎక్కిస్తూ.

నోరు జారిందని నాకు నేనే వకాల్తా పుచ్చుకున్నాను. ఏళ్ళ తరబడి అలవాటైన మాట, అదాటుగా వచ్చేసింది అనుకున్నాను. కానీ నాకు ఇంగ్లీషు అర్థమవుతుంది. ఆ అమ్మాయి బర్మా భాషలో చెప్పే లోపల, లాయరు అడిగింది నాకు అర్థమైపోయింది. ఆ కాసేపట్లో అది లేని బల్ల కనిపించింది. క్రిస్మస్ ముందు వచ్చే పెళ్ళిళ్ళు, నా చేతికి గుడ్డ ఇచ్చి ఎదురుచూసే తల్లులు కనిపించారు. అన్నీ చూసుకునే "నేనే" అన్నాను. ఇంత నీచమైన మనిషిని నేనని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు అది సుద్దగీత గీస్తుండగా చెప్పేశాను. "ఆ రోజు నోరు జారలేదే. నువ్వెల్లిపోతావనే అలాగన్నాను."

అది చెయ్యి ఆపలేదు. "తెలుసప్పా. అందుకే నానూ అవునన్నాను."

నా రెండు చెంపలూ వాయించి ఉంటే బాగుండేది. కొట్టు వెనక్కి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

నేనే దుకాణం ఆవిడకి ఫోన్ చేసి లాయరుని మళ్ళీ ఫోన్లోకి పిలిపించాను. ఆ రోజు బల్ల మీద ఉన్నది తన్లిన్ నుంచి వచ్చిన ఒకావిడ రెండో కూతురి గౌను గుడ్డ. ఆవిడని కూడా ఉండమన్నాను. ఫోను గోడకి ఆనించి, ముందు ఆ అమ్మాయికి బర్మా భాషలో "మొన్న నేను చెప్పింది అబద్ధం" అన్నాను. తరవాత ఆవిడ వైపు తిరిగాను.

"కోసేది నాను కాదు వదినా. సానా ఏళ్ళ నుంచీ ఇదే."

ఆవిడ నన్నూ, మా పిల్లనీ మార్చి మార్చి చూసింది. శాటిన్ మడిచి సంచిలో పెట్టుకుని పోతుందనుకున్నాను.

"మా పెద్దదాని గవును కూడా ఇదే కోసిందేటి?"

"ఇదే."

"మా పెద్దది సుకంగానే ఉంది కదా. అయితే దాన్నే కొయ్యమను" అని స్టూలు లాక్కుని కూర్చుంది.

అంతే. ఇన్నేళ్ళూ నేను భయపడింది ఈపాటి దానికి. ఎప్పుడో చెప్పి ఉంటే ఏమీ పోయేది కాదు, దాని పనికి దాని పేరు దక్కేది.

ఫోన్లో లాయరు ముందుకి వంగి చూస్తున్నాడు. మా పిల్ల కత్తెర తెరిచి, గుడ్డ అంచున పెట్టి, ఆగిపోయింది.

"ఏటే?" అన్నాను.

"పేర్దన సెయ్యప్పా. నువ్వు సెయ్యకుండా ఎలా కోత్తాను?"

కళ్ళు మూసుకున్నాను. పెళ్ళికూతురి కాపురం బాగుండాలని ఎప్పుడూ అడిగే మాట కోసం వెతుక్కున్నాను. దాని కన్నా ముందు ఇంకో మాట తోసుకొచ్చింది. దేవుడా, అక్కడి కార్మిక శాఖ ధ్రువీకరణ రాకుండా చెయ్యి. పెదవి కదపకుండానే అడిగేశాను. వెనక్కి తీసుకుందామనుకునే లోపల పక్కనుంచి దాని గొంతు వినిపించింది.

"ఆమేన్" అంది. మొదటి కత్తెర వేసింది.