‘పని ఆపండి’ అనని మాస్టారు

వాతావరణ శాస్త్రవేత్త ఆచార్య కామేశ్వరరావు గారు పరమపదించారన్న దుర్వార్త మొన్న ఉదయం మాదాపూర్ మెట్రో మెట్ల మీద విన్నాను. దిగ్భ్రాంతితో, ఫోన్ చేసిన సహోద్యోగిని “సరిగ్గా కనుక్కున్నారా?” అని రెట్టించి అడిగాను. చావు కబురు దగ్గర కూడా బేరమాడే బుద్ధి నాది. బట్టల కొట్టులో పెరిగినదాన్ని.

పదిహేనేళ్లు ఆయన శిష్యురాలిని. ఈ నగరపు ఎండను అంతటి నిష్ఠతో కొలిచినవారు లేరు. మియాపూర్‌లో తన అపార్ట్‌మెంటు డాబా మీది ఉష్ణమాపకం చూడనిదే కాఫీ ముట్టేవారు కారు. భూతాపం మీద ఆయన రాసే ప్రతి వాక్యానికీ మా ఇద్దరికీ బేరమే. నేను “ప్రాణాంతకం” అని మొదలుపెడితే, ఆయన “ప్రభావం ఉండవచ్చు” దగ్గర భీష్మించుకునేవారు. పోనీ “ప్రమాదకరం” దగ్గర తెగ్గొడదామంటే, “ఆ ‘ఉండవచ్చు’ తీసేస్తే నాకు నిద్ర పట్టదమ్మా” అనేవారు. ఆయన దగ్గర నేను గెలిచిన బేరం ఒక్కటీ లేదు.

కిందటి వేసవిలో మా కార్యాలయం వెనుక లేస్తున్న అద్దాల భవనం దగ్గర ఇద్దరు కూలీలు వడదెబ్బకు కుప్పకూలారు. మధ్యాహ్నం మూడు గంటల పాటు పని ఆపాలని కూలీలు అడిగితే అధికారులు సమావేశం పెట్టారు. బతిమాలి మాస్టారిని తీసుకువెళ్లాను. ఆయన తన కొలతలన్నీ వివరించారు. మేస్త్రీ యాదయ్య లేచాడు.

“సారూ, ఎండలు పెరిగినయా లేదా? జర సాఫ్ చెప్పు.”

“పెరిగాయండి. సందేహం లేదు.”

“మరి పగటిపూట పని బంద్ చెయ్యమను.”

“అది నేను అనకూడదండి. కొలవడం వరకే నా పని.”

“గంతేనా? ఇగ మమ్మల్ని పాతిపెట్టనీకి గుంత గూడ నువ్వే కొలుస్తవా సారూ?”

సభ నవ్వింది. మాస్టారు తలవంచుకున్నారు. నివేదికలో ఒక్క వాక్యం పడింది: ‘పని ఆపాలని శాస్త్రవేత్త సూచించలేదు.’ పని ఆగలేదు.

తిరుగు ప్రయాణంలో కోపం పట్టలేకపోయాను. “ఒక్క మాట అనలేకపోయారా సార్?”

“నేను పక్షం వహిస్తే రేపు నా కొలతను ఎవరూ నమ్మరమ్మా.”

“నమ్మినవాళ్లు ఏం చేశారు సార్?”



నిన్నటి సంతాపసభలో ఒకరి తరువాత ఒకరు ఆయనను “వివాదాతీతుడు” అని కొనియాడారు. నాకు ఒళ్లు మండింది. అయితే నేనేం తక్కువ? ఆ సమావేశంలో ఆయన పక్కనే కూర్చున్నాను. నాకూ డాక్టరేటు ఉంది, నోరూ ఉంది. పదోన్నతి దగ్గర పడిందని ఆ నోరు మూసుకున్నాను. అనవలసిన మాటను ఆ పెద్దాయన మీదికి నెట్టి చవగ్గా బయటపడ్డాను.

మాస్టారూ, మీ అంత నికార్సుగా కొలిచే చెయ్యి ఈ నగరానికి మళ్లీ దొరకదు. ఈ వేసవికి మళ్లీ సమావేశం పెడుతున్నారు. మీ కొలతలు పట్టుకుని వెళ్తాను. మధ్యాహ్నం పని ఆపండని నా పేరు మీద చెబుతాను. మీరు ఒప్పుకోరని తెలుసు. ఈసారి మిమ్మల్ని అడగడం లేదు.