ఎవరూ వినరని ఇచ్చిన మాట

మొన్న ఉదయం బజారులో వంకాయలు ఏరుతూ, అలవాటు కొద్దీ ముఖం చిట్లించి బేరానికి సిద్ధమవుతున్న సమయంలో ఫోనుకు ఒక సందేశం వచ్చింది. పాత ఆన్‌లైన్ కోర్సుల పేజీలన్నీ ఈ నెలాఖరుకు మూసివేస్తున్నారట, వాటిలోని పాఠాలూ అసైన్‌మెంట్లూ రికార్డింగులూ చెరిగిపోతాయట, కావలసినవాళ్ళు ముందుగానే దించుకోవాలట. అది చదివి ఎంత అదిరిపడ్డానంటే, కూరగాయలామె చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చేసి సంచి పట్టుకుని కదిలాను. ఏళ్ళ తరబడి ధర దగ్గర నాతో పోట్లాడుతున్న ఆమె నాకంటే ఎక్కువ అదిరిపడి, “ఏమ్మా, ఒళ్ళు బాగుండాదా లేదా?” అని వెనకనుంచి కేకేసింది.

నేను పుంగనూరులో గుడ్డల అంగడివాళ్ళ బిడ్డను. ఇంగ్లీషు టీచరునయ్యానే గానీ గుడ్డ కొలిచే గజంబద్ద నీడ నన్నింకా వదల్లేదు. లాక్‌డౌన్ తర్వాత, బడి అంతా ఫోనులోకి దూరిపోయిన రోజుల్లో, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఇంగ్లీషు టీచర్లకు ఆన్‌లైన్ కోర్సు నడపడం నేర్పమని మా శాఖవాళ్ళు నన్ను పంపారు. నాకు ఎక్కువ వచ్చని కాదు, రానిదాన్ని కూడా వచ్చినట్టు చెప్పగలనని వాళ్ళు పసిగట్టి ఉంటారు. నాకు తెలిసిన లోకం ఒక్కటే కనుక అదే చెప్పాను. కోర్సు అంటే అంగడి, పాఠాలంటే అరల్లో సర్దిన సరుకు, పాస్‌వర్డు అంటే షట్టరు తాళంచెవి, ఎవరికీ ఇవ్వకూడదు. వాళ్ళు ఇట్టే పట్టేశారు. పుంగనూరు టీచరమ్మ ఒకామె, “అయితే ఈ అంగడికి ఆదివారం గూడా సెలవు లేదా మేడం?” అని అడిగింది.

మదనపల్లెలో మొదటి రోజు, మార్కెట్ యార్డు దగ్గర టమోటా లారీలకు చిక్కుకుని ఆలస్యంగా తరగతికి చేరి, ఆఖరి బెంచీ వైపు చూసి నిర్ఘాంతపోయాను. అక్కడ కూర్చున్నది మా తొమ్మిదో తరగతి ఇంగ్లీషు సారు. ఆయన మా బడికి కొత్తగా వచ్చినప్పుడు ఆయనకు ఇరవై నాలుగేళ్ళు, నాకు పద్నాలుగు. ఈ కోర్సు నాటికి ఉద్యోగంలో అది ఆయన ఆఖరి ఏడాది. ఒకనాడు తరగతిలో నేను లేచి, ఇంగ్లీషువాళ్ళు అంగట్లో బేరం ఎలా ఆడతారు సార్ అని అడిగితే ఆయన ముఖం ఎర్రబడి నన్ను బయట నిలబెట్టారు. గంట కొట్టాక నావైపు చూడకుండానే వెళ్ళిపోయారు. పొగరుబోతునని శిక్షించారనుకున్నాను. ఆ పంతంతోనే ఇంగ్లీషు నేర్చుకున్నానని కూడా చెప్పాలి.

కోర్సులో ఒక అసైన్‌మెంటు ఉండేది. తమకు గుర్తున్న ఒక తరగతి గురించి మూడు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడి, ఆ రికార్డింగు పేజీలో పెట్టాలి. అది పెట్టనివాళ్ళ పేరు కోర్సు పూర్తిచేయనివాళ్ళ జాబితాలోకి పోతుంది. మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుతుంటే సారు నన్ను పక్కకు పిలిచారు. “పది పేజీలు రాసిస్తానమ్మా, ఈ మాట్లాడేది మాత్రం వద్దు” అన్నారు. రిటైరయ్యే ఏడు జాబితాలో అలా పేరెక్కడం ఆయనకు ఇష్టం లేదు, నోరు తెరవడం అంతకన్నా ఇష్టం లేదు. బేరమంటే నా ప్రాణం లేచివస్తుంది. మూడు నిమిషాలను రెండు చేశాను, రెండును ఒకటిన్నర చేశాను. అయినా ఆయన కదలకపోతే, చివరికి నేను తప్ప ఎవరూ వినరని మాట ఇచ్చాను. “ఎవురూ?” అన్నారు. ఎవరూ అన్నాను. “సరే, అంగడోళ్ళ బిడ్డవి, మాటంటే మాటే గదా” అన్నారు.

ఆయన మాట నిలబెట్టుకుని రెండు రోజుల్లో రికార్డింగు పెట్టారు. తక్కినవాళ్ళలో సగం మంది పెట్టనే లేదు. మా నాయన ఒక ఉపాయం చేసేవాడు. కోసిన గుడ్డ తానును బల్లమీద అలాగే విప్పి ఉంచితే, వచ్చినవాళ్ళు ఇది బాగా పోతోందనుకుని తామూ కోయించుకునేవారు. ఆ తెలివే నాకూ పుట్టింది. ఎవరెవరు పెట్టారో పేర్లు అందరికీ కనబడితే మిగతావాళ్ళకు సిగ్గేసి పెడతారనుకుని, పుంగనూరు బస్టాండులో కుప్పం బస్సు ఎక్కుతూ సెట్టింగులో ఒక గడికి టిక్కు పెట్టాను. సారు రికార్డింగు నేనింకా విననే లేదు. ఆ గడి పేర్లతో పాటు గొంతులను కూడా బయటపెడుతుందని నాకు తెలియదు. అందరికీ నేర్పడానికి బయలుదేరినదాన్ని నేనే!

పలమనేరు దాటాక ఫోను మోగడం మొదలయింది. సారు రికార్డింగు విన్నాం, సారు రికార్డింగు విన్నాం అని మూడు ఊళ్ళ టీచర్లూ సందేశాల మీద సందేశాలు. గబగబా ఆ టిక్కు తీసేసి, అప్పుడు, అందరూ విన్న తర్వాత, నేను ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని విన్నాను. తడబడుతూ, మధ్యమధ్య ఊపిరి పీలుస్తూ, వెనక ఇంట్లో కుక్కరు కూస్తుంటే ఆగుతూ ఆయన చెబుతున్నది నా గురించే. ఒక అంగడివాళ్ళ పాప బేరం ఎలా ఆడాలని అడిగిందనీ, తన నోటికి ఒక్క మాట రాలేదనీ, తనకు వచ్చింది పాఠమూ గైడూ మాత్రమేననీ, ఆ సంగతి పిల్లలకు తెలిసిపోతుందన్న భయంతో ఆమెను బయటికి పంపాననీ, ఆనాటినుంచి బోర్డు మీద రాయడమే గానీ ఇంగ్లీషులో మాట్లాడిన పాపాన పోలేదనీ. బస్సు కుదుపుకు తల కిటికీకి తగిలితే గానీ నేను ఈ లోకంలోకి రాలేదు. ముప్పై అయిదేళ్ళు ఏ పంతం మీద నిలబడ్డానో, ఆ పంతానికి కింద నేలే లేదు.

మర్నాడు కుప్పంలో మూడు ఊళ్ళవాళ్ళకూ కలిపి ముగింపు తరగతి. సారు రారనే అనుకున్నాను. మొదటి బస్సుకే వచ్చి, ఈసారి ముందు బెంచీలో కూర్చున్నారు. తప్పయిపోయిందని చేతులు జోడించాను.

“ఎవురూ వినరంటివే?” అన్నారు. “మీ అంగట్లో సరుకు బాగలేకపోతే ఏం జేస్తారు?”

మార్చి ఇస్తామన్నాను.

“అయితే మార్చియ్యి. నేను గుడ్డ కొనేదానికి వచ్చినా. నువ్వు అమ్ము. అంతా ఇంగ్లీషులోనే.”

ఇంత తేలిగ్గా వదిలేశారే అనుకుని లోలోపల సంతోషించాను కూడా. ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో, ఆఖరి మాట ఎంతకిస్తావని అడిగారు. నేను నోరు తెరిచాను. బోణీ బేరం, మీకని చెబుతున్నాను, మా నాయన మీద ఒట్టు, అసలు కూడా రాదు, ఇవన్నీ గొంతు దాకా వచ్చి అక్కడే నిలిచిపోయాయి. మాడ్యూళ్ళ గురించి గంటసేపు ఇంగ్లీషులో దంచగలదాన్ని, మా అంగట్లో పుట్టి పెరిగిన మాటల్లో ఒక్కదాన్నీ ఆ భాషలోకి దాటించలేకపోయాను. చివరికి నోట్లోంచి ఊడిపడింది “ఫిక్స్‌డ్ ప్రైస్ సార్.”

గది ఘొల్లుమంది. కుప్పం టీచరు ఒకాయన, “బేరమే లేకుంటే ఆ అంగడికి ఎవురొస్తారు మేడం!” అన్నాడు. సారు మాత్రం నవ్వలేదు. చేయెత్తి వాకిలి చూపించారు.

నలభై తొమ్మిదేళ్ళ వయసులో వెళ్ళి వరండాలో నిలబడ్డాను. లోపల ఎవరో సారుకు చీర అమ్మజూస్తున్నారు, ఎవరో గొర్రెపిల్లను బేరం పెట్టారు, తప్పులో ఒప్పులో అందరూ ఇంగ్లీషులో అరుచుకుంటున్నారు. నేను చేయించలేని పని నేను బయట ఉండగా జరుగుతోంది. కాసేపటికి సారే బయటికి వచ్చి నా పక్కన గోడకానుకుని నిలబడ్డారు.

“పామ్మా లోపలికి” అన్నారు. “ఆ పొద్దు నిన్ను పిల్సేది మర్సిపోయినా.”

ఇప్పుడూ టీచర్లకు నేర్పే ఆ పనే చేస్తున్నాను, కొత్త కోర్సులో. రికార్డింగులు గడువుకు ముందే వచ్చిపడుతున్నాయి. రాసేదీ యంత్రమే, మాట్లాడేదీ యంత్రమే. మొన్న మదనపల్లె టీచరూ కుప్పం టీచరమ్మా ఒకే గొంతుతో మాట్లాడితే విని బిత్తరపోయాను. ఊపిరి వినబడదు, కుక్కరు కూత వినబడదు. ఒక్క అర నిమిషం తగ్గించండి మేడం అని బతిమాలేవారే లేరు.

ఆ సందేశం వచ్చిన ఉదయం, వంకాయల సంచి పక్కన పెట్టుకుని బస్టాండు అరుగు మీద కూర్చుని ఆ పాత పేజీ తెరిచాను. సారు పేరు పక్కన దించుకోవడానికి చిన్న బాణం గుర్తు. ఒక్కసారి పూర్తిగా విన్నాను, కుక్కరు కూత దాకా, ఆ తర్వాత ఆయన మళ్ళీ ధైర్యం తెచ్చుకునే దాకా. నెలాఖరు దాటితే ఇక దీన్ని ఎవరూ వినరు. నేనిచ్చిన మాట, ఇన్నేళ్ళు ఆలస్యంగానైనా, అలా చెల్లుతుంది. బాణం గుర్తు మీదికి వెళ్ళిన వేలును వెనక్కి తీసుకున్నాను. ఊరికే వచ్చే సరుకును వదిలేసి లేచి రావడం నా జీవితంలో అదే మొదటిసారి.