అక్షరం చదవగలిగేంత పలచన

బైండరుకి కళ్ళకంటే వేళ్ళే ఎక్కువ పనిచేస్తాయి. ముప్పై ఏళ్ళుగా పుస్తకాలు కుట్టి, అట్టలంటించి బతికిన మనిషి. కాగితాన్ని రెండు వేళ్ళ మధ్య జార్చి దాని మందం చెప్పేస్తాడు. ఎవరి ప్రార్థన పుస్తకం విడిపోయినా అడక్కుండానే కుట్టి, కళ్ళకద్దుకుని మరీ చేతికిస్తాడు. అలాంటివాణ్ణి పట్టుకుని "జిగురు బావా" అని పిలవడం ఆయన భార్య అన్నగారికి సరదా.

ఆ అన్నగారిని వీధి వీధంతా సలహాలాయన అంటుంది. ఒకప్పుడు పెద్ద హోటల్లో ఎనిమిది నెలలు పనిచేశాడు. పనంటే మరేం కాదు, భోజనాల గది తలుపు దగ్గర నిలబడి టోకెన్లు చింపడం. లోపలినుంచి వచ్చిన వాసనలతోనే పాకశాస్త్రమంతా ఒంటబట్టిందని ఆయనగారి నమ్మకం. ఇంట్లో మాత్రం మంచినీళ్ళు కూడా ఎవరో ముంచి చేతికివ్వాలి.

బైండరు భార్యకి గొంతులో ఆపరేషనై నెల దాటింది. ముక్కులో గొట్టం తీసేశారు గానీ ముద్ద దిగడం లేదు. పాలతో, పళ్ళరసంతో నెట్టుకొస్తోంది. సోమవారానికల్లా నమిలి మింగే తిండి తినకపోతే మళ్ళీ గొట్టం తప్పదని డాక్టరు చెప్పేశాడు. గొట్టం మాట వింటేనే ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగేవి. ఏం తినాలనుందని భర్త అడిగితే, బొంగురు గొంతుతో "లజానియా" అంది. పిండి రేకులు, టమాటా కూర, తెల్ల సాసు, చీజు వరసలుగా పేర్చి ఓవెన్లో కాల్చేదే లజానియా. పెళ్ళైన కొత్తలో కింద వాటాలోని బేకరీ అమ్మ ఆదివారాలు చేసి పైకి పంపేది.

సంగతి తెలిసి కిందటి ఆదివారం సలహాలాయన ఒక ప్యాకెట్టు రేకులు తెచ్చి బల్లమీద పడేశాడు. కాల్చాక కూడా అవి అట్టముక్కల్లాగే ఉన్నాయి. రెండో ముద్దకే చెల్లెలికి గొంతు పట్టేసి ముఖం కందిపోయింది. ఆయనగారు మూతి విరిచి, లోపం రేకుల్లో లేదు, ఆవిడ మింగడంలో ఉందని తేల్చి వెళ్ళిపోయాడు.

అందుకే ఈ ఆదివారం బైండరు రేకులు తానే చేయబూనాడు. బేకరీ అమ్మ పొద్దున్నే మైదా, గుడ్లు పట్టుకొచ్చి, కలిపే పద్ధతి చూపించి, గంటసేపు ఓవెన్ ఆయన కోసం ఖాళీగా ఉంచుతానంది. ఆదివారం ఆవిడకి ఊపిరాడనంత బేరం. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

మైదా జిగురు ఉండకట్టకుండా కాచే చెయ్యి కాబట్టి తెల్ల సాసు మీగడలా వచ్చింది. అట్టలు కోసే బల్ల శుభ్రంగా కడిగి, దానిమీద పిండి ఒత్తడం మొదలుపెట్టాడు. ఒత్తిన ప్రతి రేకునూ అద్దంలాంటి పలచటి ప్లాస్టిక్ కాగితం మీద వేసి, భార్య ప్రార్థన పుస్తకం మీద పరిచి చూశాడు. కింద అక్షరాల నీడ తెలిస్తే చాలదు, వాక్యం చదవగలగాలి. చదవలేకపోతే మళ్ళీ ఒత్తడమే. మంచంమీద నుంచి ఆవిడ ఇదంతా చూస్తూనే ఉంది.

పన్నెండు రేకులయ్యేసరికి సలహాలాయన దిగబడ్డాడు. జిగురు కాచే చేతులతో రోగికి వంటేమిటన్నాడు. ఆ రేకులు ఊదితే ఎగిరిపోతాయన్నాడు. హోటల్లో అయితే ఇలాంటి వంటవాణ్ణి మెడపట్టి గెంటేవారన్నాడు. బైండరు ఓవెన్ వేడెక్కిందేమో చూసి రావడానికి కిందికి దిగాడు.

అంతే, పెద్దమనిషి నడుం బిగించాడు. బైండరు పొయ్యిమీద మరగబెట్టిన నీళ్ళలో ఏడు రేకులు పడేశాడు. ప్యాకెట్టు మీద పది నిమిషాలని రాసి ఉండటం ఆయనగారికి గుర్తుంది. ఎండు రేకులకి రాసిన మాట పచ్చి రేకులకి వర్తించదనే ఆలోచన మాత్రం ఆ బుర్రలోకి దారి తప్పి కూడా రాలేదు. మిగతా ఐదింటి కోసం చెయ్యి చాచేసరికి, మంచం దిగని మనిషి లేచొచ్చి, వాటిమీద గుడ్డ కప్పి, రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది.

బైండరు పైకొచ్చి గిన్నెలోకి చూశాడు. రేకు జాడ లేదు. గరిటె నిలబెడితే నిలబడింది.

"బావగారూ, ముప్పై ఏళ్ళుగా నేను కాస్తున్నది ఇదే. మీరు ఉప్పు కూడా వేశారు, అదే తేడా" అన్నాడు.

చిన్న పళ్ళెం తీసుకుని, మిగిలిన ఐదు రేకులనూ ఉడికించకుండానే పేర్చాడు. సాసులోని తడే వాటికి చాలు. గంట గడవకముందే బేకరీ అమ్మ పొగలు కక్కుతున్న పళ్ళేన్ని స్వయంగా పైకి తెచ్చింది. ముక్క కొంచెం చల్లారాక బైండరు భార్య నోటికి అందించాడు. ఆవిడ నమిలి, కళ్ళు మూసుకుని మింగింది. దగ్గు రాలేదు. రెండోది తనే చెంచాతో తీసుకుంది. బైండరు గోడవైపు తిరిగి దేవుడికి దండం పెట్టుకున్నాడు.

సలహాలాయన కుర్చీలో వెనక్కి వాలి, అసలు రేకులు ఉడికించకూడదని అందరికీ తెలిసొచ్చిందంటే అది తన పుణ్యమేనన్నాడు.

చెల్లెలు పళ్ళెం ఖాళీ చేసి మూతి తుడుచుకుంది.

"అన్నయ్యా, ఆ గిన్నె ఆరకముందే తోమెయ్యి. ఆరితే ఇక ఊడదు."

నెల రోజుల్లో ఆవిడ నోట అంత పొడుగు మాట రావడం అదే మొదలు. బైండరు లేచి, బావగారి చేతికి పీచు అందించాడు.