కెప్టెన్ కుడిచెయ్యి

మా బావని ఆ వీధిలో అందరూ కెప్టెన్ అనే పిలుస్తారు. ఆయనకి ఓడా లేదు, విమానమూ లేదు. ఉన్నదల్లా రెండు కుర్చీల సెలూను. ముందు అద్దం, వెనక అద్దం, మధ్యలో పొద్దస్తమానం నిలబడే పని. కానీ కుర్చీలో కూర్చున్నవాళ్ళ తలకి కత్తెర పెడుతూ, "నిన్న గాలి అడ్డంగా కొట్టిందండీ, రన్‌వే మీదికి దించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది" అంటాడు. కొత్తవాళ్ళు ఉలిక్కిపడి అద్దంలోంచి ఆయన మొహం చూస్తారు. పాతవాళ్ళు మాత్రం నవ్వి, "ప్రయాణికులు క్షేమమేనా కెప్టెన్?" అని అడుగుతారు.

సంగతేమిటంటే, ఆయనకి ఇంట్లో కంప్యూటరు మీద విమానం నడిపే పిచ్చి. దాన్ని ఆట అంటే మాత్రం ఒప్పుకోడు. "ఆట కాదు మరదలా, సిమ్యులేటర్. నిజం విమానం ఎలా లేస్తే ఇదీ అలాగే లేస్తుంది" అని నాకే ఎన్నిసార్లు క్లాసు పీకాడో.

వాళ్ళింట్లో వెనక గదిలోకి వెళ్తే మొదట కాళ్ళకి తగిలేవి గుడ్డముక్కలు, తరవాత తీగలు. ఈ గోడ వైపు మా అక్క కుట్టుమిషను, ఆ గోడ వైపు బావ కంప్యూటరు. అక్క స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. సెలూనుకి సెలవు రోజున ఇద్దరూ వీపులు ఆనుకునేంత దగ్గరగా కూర్చుంటారు. ఆవిడ చొక్కాలకి కాలర్లు అతుకుతుంటే ఈయన మేఘాల్లో తిరుగుతుంటాడు.

మొదట్లో ఒక్క జాయ్‌స్టిక్కే ఉండేది. బల్ల మీద నిలబడే పిడి అది. అటు వంచితే విమానం అటు, ఇటు వంచితే ఇటు. సెలూనుకొచ్చే ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ ఇచ్చాడు. అది పాతబడ్డాక బల్ల అంచుకి బిగించే స్టీరింగు వచ్చింది. దాని వెనకాలే ఇంజను జోరు పెంచి తగ్గించే లివర్ల డబ్బా. ఒకరిని పిలిస్తే పదిమంది దిగిన చుట్టాల్లా అన్నీ వచ్చి బల్లంతా ఆక్రమించాయి. చివరికి ఈ మధ్యనే, కాళ్ళతో తొక్కే పెడళ్ళు కూడా తెచ్చాడు. వాటిని చూసి అక్క దారం తెంపుతూ అంది: "నాకో తొక్కుడు, మీకో తొక్కుడు. నాది తొక్కితే నిక్కరైనా తయారవుతుంది."

కంప్యూటరు వెనక కన్నాలు చాల్లేదు. బావ ఒక్క కన్నాన్ని నాలుగైదు కన్నాలు చేసే హబ్బు ఒకటి కొనుక్కొచ్చి, బల్ల కింద దూరి, వేలాడుతున్న తీగలన్నీ తీసి అందులో గుచ్చేశాడు. మోకాళ్ళు దులుపుకుని లేచి, కొత్త బట్టలేసుకున్న పిల్లాడిలా మురిసిపోయాడు.

ఆ మురిపెం ఆ పూటతోనే సరి. విమానం గాల్లోకి లేచాక దాని ముక్కు సన్నగా వణకడం మొదలెట్టింది. మొదట గాలి అనుకున్నాడు. గాలి లేని రోజు పెట్టుకుని చూశాడు. అయినా వణికింది. పెడళ్ళు కాళ్ళ పని, ముక్కు నిలకడ చేతుల పని. ముక్కు వణికిందంటే తప్పు చేతులదే కదా అనుకున్నాడు. స్టీరింగు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఎంత బిగిస్తే అంత వణికినట్టు అనిపించింది.

ఇంకొకడైతే కంప్యూటర్ని తిట్టుకుని ఊరుకునేవాడు. మా బావకి మాత్రం గుండెల్లో రాయి పడింది. దానికి కారణం వాళ్ళ నాన్న.

ఆ సెలూను మొదట పెట్టింది మామయ్యగారే. ఆయన కత్తి పడితే చెంప మీద ఈక ఆనించినట్టు ఉండేదని చెప్పుకునేవారు. అలాంటి మనిషికి నడివయసు దాటాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు కప్పులో టీ తొణికింది. తరవాత చేతిలో కత్తెర టకటకలాడింది. ఒకరోజు ఒకాయన చెవి కింద గాటు పడింది. పెద్ద గాటేం కాదు, పటిక రుద్దితే ఆగిపోయింది. కానీ మామయ్యగారు ఆ కత్తి కడిగి, తుడిచి, మడిచి సొరుగులో పెట్టేశారు. మళ్ళీ తియ్యలేదు. ఆ తరవాత బతికున్నంతకాలం రోజూ సెలూనుకొచ్చి, ఎదురుచూసేవాళ్ళ బల్ల మీద ఓ మూల కూర్చుని, కొడుకు చేతుల్నే చూస్తుండేవారట.

ఇప్పుడు బావ తన చేతుల్ని తను చూసుకోవడం మొదలెట్టాడు. గ్లాసు నిండా నీళ్ళు పోసి ఎత్తి చూశాడు. కత్తి గాల్లో పెట్టి, దాని అంచు మీద లైటు వెలుగు కదులుతోందా అని చూశాడు. అలా గుడ్లప్పగించి చూస్తే ఎవరి చెయ్యి మాత్రం కదలదు? కదిలింది. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాడు.

ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. వెళ్తే ఆ మాట డాక్టరు నోటివెంట వినాల్సి వస్తుంది కదా! గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్ళతో, "నా కత్తికి పదును పోయిందండీ, బాబాయి గీస్తాడు" అని రెండో కుర్చీకి పంపించేసేవాడు. జుట్టు మాత్రం మిషనుతో కానిచ్చేవాడు. మిషను ఎలాగూ తనంతట తనే వణుకుతుంది కాబట్టి తన వణుకు అందులో కలిసిపోతుందని లెక్క. గాలివాటం కబుర్లు మానేశాడు. ఎవరైనా "ప్రయాణికులు క్షేమమేనా?" అంటే విననట్టే ఊరుకునేవాడు.

రెండో కుర్చీ బాబాయి మామయ్యగారి రోజుల నుంచీ అక్కడ పనిచేస్తున్న పెద్దమనిషి. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ చూస్తాడు. ఒక సాయంత్రం ఇంటికెళ్తూ అక్క గుమ్మం దగ్గర ఆగాడు.

"అమ్మాయ్, నీకో మాట చెప్పాలి. కెప్టెన్ కత్తి ముట్టుకోవడం లేదు."

"పదును పోయిందన్నారే?"

"నిన్న వాడి కత్తితోనే నేను గీశాను. వెంట్రుకని చూపిస్తే తెగుతుంది. పదును పోయింది కత్తికి కాదు, వాడికి. ఏమైందో నువ్వే కనుక్కో."

అక్క ఆ రాత్రి ఏమీ అడగలేదు. అడిగితే చెప్పే రకం కాదని ఆవిడకి తెలుసు. పైగా ఆవిడ మనసులో ఏవేవో తిరిగాయి. సెలూను స్థలం ఎవరైనా ఖాళీ చెయ్యమన్నారా? బాబాయితో మాటామాటా వచ్చిందా? సెలవు రోజు దాకా ఓపిక పట్టి, ఆ మధ్యాహ్నం కుట్టుమిషను దగ్గర కూర్చుని, ఓ కన్ను గుడ్డ మీదా ఓ కన్ను మొగుడి మీదా వేసింది. ఆయన ఎప్పట్లా విమానం లేపాడు. కానీ ఎప్పట్లా కూనిరాగం తియ్యలేదు. మెడ నరాలు బిగిసిపోయి, ఆ స్టీరింగుని ఎవరో లాక్కుపోతారన్నట్టు పట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు వీధి తలుపు కొట్టారు. యూనిఫారం గుడ్డ తాన్లు వచ్చాయి. అక్క నోట్లో గుండుసూదులు ఉన్నాయి, ఒళ్ళో సగం గుచ్చిన లంగా ఉంది. కళ్ళతోనే "మీరు వెళ్ళండి" అంది. విమానం పైకెక్కి తిన్నగా పోతోంది కాబట్టి కాసేపు దాని మానాన అది పోతుందిలే అని బావ లేచి వెళ్ళాడు.

అక్క తెర వైపు చూసింది. మబ్బులు, నీలం, విమానం ముక్కు. ఆ ముక్కు సన్నగా వణుకుతోంది. బల్ల అంచున స్టీరింగు మాత్రం కదలకుండా ఉంది. ఆవిడకి అందులో వింతేమీ తోచలేదు. విమానం అన్నాక వణకదా అనుకుంది.

తాన్లు భుజాన వేసుకుని బావ తిరిగొచ్చాడు. అక్క నోట్లోంచి సూదులు తీసి దిండుకి గుచ్చుతూ, మాటవరసకి అంది: "మీరు లేకపోయినా వణుకుతూనే ఉందండీ పాపం, దానికి చలేస్తోందేమో."

బావ అక్కడే నిలబడిపోయాడు.

"ఏమన్నావ్?"

"వణుకుతోందన్నాను."

"నేను బయట ఉన్నప్పుడా? నువ్వు ముట్టుకోలేదా?"

"నేనెందుకు ముట్టుకుంటాను? నా చేతుల్లో లంగా ఉంటేనూ."

తాన్లు ధబ్బున కింద పడ్డాయి. బావ తెర దగ్గరికి వచ్చి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో పిల్లాడిలా నిలబడి చూశాడు. ముక్కు అలాగే వణికింది. అటు కొంచెం, ఇటు కొంచెం. చూసి చూసి, గుడ్డతాన్ల మీదే చతికిలబడ్డాడు. నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో దారి తప్పింది. అక్క కంగారుపడి, లంగా పక్కన పడేసి వచ్చి పక్కన కూర్చుంది.

అప్పుడు చెప్పాడు మొత్తం. గ్లాసు సంగతి, కత్తి సంగతి, నాన్న సంగతి.

"ఇన్నాళ్ళూ ఇది కడుపులో పెట్టుకుని తిరిగారా? నేనేమో సెలూను పోయిందేమో, అప్పులు చేశారేమో అని హడలిపోతున్నాను. మీకు బుద్ధుందా అసలు?" అని అక్క చెడామడా తిట్టింది. తిడుతూ తిడుతూనే ఆయన కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసింది. "ఎక్కడండీ వణుకు? చల్లగా ఉంది, అంతే."

సరే, చెయ్యి కాదన్నమాట. మరి దొంగ ఎవరు? ఇద్దరూ బల్ల కింద దూరారు. అక్క ఒక్కొక్క తీగే పీకుతూ పోయింది, బావ తల బయటపెట్టి తెర చూస్తూ ఉన్నాడు. పెడళ్ళ తీగ తీస్తే వణుకు పోలేదు. లివర్ల డబ్బాది తీసినా పోలేదు. ఆఖరికి స్టీరింగు తీగే పీకేసింది. అయినా వణుకుతూనే ఉంది. "ఇది దయ్యమండీ" అంది అక్క.

"ఇంకోటేదో ఉంది చూడు, నల్లది."

ఆ నల్ల తీగ పట్టుకుని లాగుతూ పోతే కంప్యూటరు తెర వెనక, చొక్కా గుడ్డల కట్ట మీద పక్కకి ఒరిగి పడుకుని ఉంది పాత జాయ్‌స్టిక్కు. స్టీరింగు వచ్చిన రోజు దాన్ని వెనక్కి నెట్టేసి మర్చిపోయాడు. హబ్బు పెట్టినరోజు, చేతికందిన తీగలన్నీ గుచ్చే హడావుడిలో దీన్ని కూడా గుచ్చేశాడు. అక్క ఆ తీగ పీకింది. తెర మీద విమానం, చెరువులో పడవలా నిమ్మళంగా నిలబడింది.

తరవాత సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే అంతా బోధపడింది. ఏది తగిలిస్తే దానికి ఆ సిమ్యులేటర్ అడక్కుండానే పని అప్పజెప్పేస్తుందట. విమానాన్ని అటూ ఇటూ తిప్పే పని స్టీరింగుకీ ఇచ్చింది, జాయ్‌స్టిక్కుకీ ఇచ్చింది. జాయ్‌స్టిక్కు లోపల అరిగిపోయింది, ముట్టుకోకపోయినా కుదురుగా ఉండదు. ఈయన తిన్నగా పోనివ్వమంటే, అది వెనకాల పడుకుని కాస్త ఎడమకి, కాస్త కుడికి అని గొణుగుతోంది. పాపం విమానం ఎవరి మాట వినాలి?

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని ఊరికే అన్నారా?" అంది అక్క, చీర కుచ్చిళ్ళకి అంటిన దుమ్ము దులుపుకుంటూ.

అంతటితో వదిలే మనిషి కాదు అక్క. విమానం బాగుపడినంత మాత్రాన చెయ్యి బాగున్నట్టు కాదని, రెండ్రోజుల్లో బావని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. తోడుగా నన్నూ రమ్మంది, పారిపోతే పట్టుకోవడానికి. డాక్టరమ్మ చేతులు చాపమంది, వేళ్ళ మీద కాగితం పెట్టింది, ముక్కు ముట్టుకోమంది, కాగితం మీద చుట్లు గీయించింది. అన్నీ అయ్యాక, "చెయ్యి నిక్షేపంలా ఉంది" అంది.

"మరి మా నాన్నగారిది..."

"అది అందరికీ వచ్చి తీరాలనేం లేదండీ. రాదని నేను రాసివ్వలేను. ఏదైనా తేడా కనిపిస్తే రండి, చూద్దాం. కనిపించకముందే భయపడకండి. ఆ టీ మాత్రం కాస్త తగ్గించండి."

బయటికొచ్చాక బావ మెట్ల మీద ఆగి, గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. ఎదురుగా వస్తున్నవాళ్ళు తప్పుకుని పోయారు.

"రాసివ్వలేనంది, విన్నావా మరదలా?"

"విన్నాను బావా."

"పర్లేదులే. ఇవాళ్టికి ఇది చాలు."

మర్నాడు సెలూను తెరిచేసరికి ఎవరూ రాలేదింకా. బాబాయి తన కుర్చీ దగ్గరికి పోకుండా వచ్చి మొదటి కుర్చీలో కూర్చున్నాడు. తువ్వాలు తనే మెడకి చుట్టుకుని, తల వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తాడు.

"కానివ్వు" అన్నాడు.

"బాబాయ్, నువ్వే గీసుకుంటావు కదా రోజూ?"

"ఇవాళ బద్ధకంగా ఉంది. కబుర్లాపి కత్తి తియ్యి."

బావ నురగ పూశాడు. కత్తి పెట్టేముందు ఒక్క క్షణం ఆగాడట. బాబాయి కళ్ళు మూసుకునే ఉన్నాడు. చెంపల మీంచి గొంతు దాకా, గొంతు మీంచి చెవి కిందికి, కత్తి సాఫీగా దిగింది. అయ్యాక బాబాయి అరచేత్తో బుగ్గలు తడుముకుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "ఎడమపక్క మీసం కాస్త పొడుగైంది" అని వంక పెట్టాడు. బావ ఆ వంకకి పొంగిపోయాడు. ఒంట్లో బాగాలేని మనిషికి ఎవరూ వంకలు పెట్టరు కదా!

ఈ గొడవలో లాభపడింది మా అక్క. ఆ బల్ల కింద దూరిన రోజే ఆవిడకి ఈ తీగల మీద మోజు పుట్టింది. ఇప్పుడు లివర్ల డబ్బా ఆవిడది. స్టీరింగు ఆయనది. జాయ్‌స్టిక్కుని కూడా మళ్ళీ తగిలించారు కానీ, తిప్పే పని తీసేసి, చక్రాలు దించే బటనూ దీపాలు వెలిగించే బటనూ మాత్రం దానికి వదిలారు. అవీ అక్క చేతిలోనే.

మొన్న నేను వెళ్ళేసరికి ఇద్దరూ పక్కపక్కన కుర్చీలేసుకుని ఎక్కడో సముద్రం పక్కన రన్‌వే మీద దిగబోతున్నారు.

"జోరు తగ్గించు" అన్నాడు బావ.

"తగ్గించాను."

"ఇంకాస్త."

"అంత తగ్గిస్తే సముద్రంలో పడతామండీ."

"కెప్టెన్ నువ్వా నేనా?"

"లివర్లు నా దగ్గరున్నాయి. ఆలోచించి మాట్లాడండి."

ఈ వాదులాటలో చక్రాలు దించడం ఇద్దరూ మర్చిపోయారు. విమానం పొట్టతో రన్‌వే మీద బర్రున జారి గడ్డిలోకి పోయి ఆగింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వడం మొదలెట్టారు. నన్ను కూర్చోమని కూడా అనలేదు. నేనే వెళ్ళి, కుట్టుమిషను ముందున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను.